గురి తప్పని బిల్లు

2025 జూన్ 14 రాత్రి తిరువనంతపురం విమానాశ్రయంలో పిలవని చుట్టం ఒకటి దిగింది. బ్రిటన్ వారి ఎఫ్-35బి యుద్ధవిమానం. సముద్రంలో ఉన్న తల్లి ఓడ మీదికి చేరుకుందామంటే వాతావరణం కుదరలేదు, ట్యాంకులో ఇంధనం అడుగంటుతోంది. దగ్గర్లో దీపం కనిపించిన గుమ్మంలోకి వచ్చి పడింది. వానలో చుట్టం రావడం వింతేమీ కాదు. తెల్లారి కాఫీ తాగి బయల్దేరాల్సిన ఆ చుట్టానికి హైడ్రాలిక్ వ్యవస్థ పట్టేసింది. ఒకటి కాదు రెండు కాదు, 38 రోజులు కదల్లేదు. ఆషాఢంలో కొత్తల్లుడు అత్తారింటి గడప తొక్కకూడదంటారు మనవాళ్లు. ఈ దొరగారింటి అల్లుడు ఆఖరి ఒకటి రెండు రోజులు తప్ప ఆషాఢమంతా అత్తారింట్లోనే గడిపాడు.

రాడారుకు చిక్కకపోవడం ఈ విమానం గొప్ప. శత్రువు కంట పడకుండా వెళ్లి, కొట్టి రావాలనే 11 కోట్ల డాలర్లకు పైగా, అంటే మన లెక్కలో 900 కోట్ల రూపాయల పైచిలుకు, పోసి కొంటారు. కేరళలో మాత్రం ఫోను చేతిలో ఉన్న ప్రతివాడికీ కనిపించింది. సీఐఎస్ఎఫ్ వాళ్లు రాత్రింబవళ్లు కాపలా కాశారు. ఇక కేరళ పర్యాటక శాఖ ఊరుకుంటుందా? కొబ్బరిచెట్ల నడుమ ఆ విమానం బొమ్మ పెట్టి, ఈ ఊరు వదిలి వెళ్లబుద్ధి కావడం లేదని అదే ఐదు చుక్కలిచ్చి మెచ్చుకుంటున్నట్టు ప్రకటన వేసుకుంది. చివరికి బ్రిటన్ నుంచి ఇంకో పెద్ద విమానంలో ఇంజనీర్ల దండు దిగి, దాన్ని హ్యాంగర్లోకి లాగి, బాగు చేసి, జూలై 22న సాగనంపింది.

ఆ ప్రకటన చూసి దేశమంతా నవ్వుకుంది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ 38 రోజులూ విమానం పని మానేసిందని అందరూ అనుకున్నారు. మానలేదు. దాని అసలు పని ఎగరడం అనుకోవడంలోనే ఉంది పొరపాటు. దాని అసలు పని బిల్లు వేయడం. ఎగిరినా బిల్లే, ఎగరకపోయినా బిల్లే. శత్రువు తగిలినప్పుడు తగులుతాడు, తప్పించుకున్నప్పుడు తప్పించుకుంటాడు. కొన్నవాడి జేబు విషయంలో మాత్రం ఈ ఆయుధం ఇంతవరకు ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

దీని జాతకం కాస్త చూద్దాం. 2001 అక్టోబరులో లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీకి ఈ పని అప్పజెప్పినప్పుడు అమెరికా పెద్దలు చెప్పిన కారణం పొదుపు. అవును, పొదుపే. వైమానిక దళానికొకటి, నౌకాదళానికొకటి, మెరైన్లకొకటి అంటూ మూడు రకాలు ఎందుకు దండగ, ముగ్గురికీ ఒకే నమూనా చేయిస్తే కలిసొస్తుంది కదా అన్నారు. ముగ్గురన్నదమ్ములకు ఒకే కొలతతో చొక్కాలు కుట్టిస్తే గుడ్డ మిగులుతుందని చెప్పే దర్జీ మాట ఇది. పెద్దవాడికి పొట్ట. నడిమివాడికి భుజాలు. చిన్నవాడేమో ఉన్నచోటునే నిలువునా దిగాలంటాడు. కుట్టగా కుట్టగా మూడు వేర్వేరు చొక్కాలు తేలాయి. మిగిలిన గుడ్డ సంగతి ఎవరూ మాట్లాడరు.

మనకు కాగ్ ఎలాగో అమెరికాకు జీఏఓ అలాగ. ఆ సంస్థ 2024లో కట్టిన లెక్క ప్రకారం ఈ విమానాల కొనుగోలు, పోషణ కలిపి జీవితకాలంలో అయ్యే ఖర్చు 2 లక్షల కోట్ల డాలర్లు దాటుతుంది. రూపాయల్లో అటూ ఇటూగా 170 లక్షల కోట్లు. 2025-26కు మన కేంద్ర బడ్జెట్ మొత్తం 50.65 లక్షల కోట్లు. మూడేళ్లపాటు ఈ దేశంలో ఎవరికీ జీతం ఇవ్వకుండా, ఒక్క రోడ్డు వేయకుండా, ఒక్క రైలు నడపకుండా ఖజానా మొత్తం ఊడ్చిపోసినా ఇంకా బాకీ మిగులుతుంది. అందులో పోషణ ఖర్చు ఒక్కటే 2018లో 1.1 లక్షల కోట్ల డాలర్లు అనుకున్నది, 2023 నాటికి 1.58 లక్షల కోట్లయి కూర్చుంది. ఎక్కువ ఎగరేస్తున్నారు కాబోలు అనుకుంటారేమో. అబ్బే. మునుపు అనుకున్నదానికంటే తక్కువ ఎగరేద్దామనుకున్నా పెరిగింది. పాలు తగ్గేకొద్దీ దాణా పెంచమనే గేదెను మా ఊరి సంతలో ఎవరూ కొనరు.

ఈ విమానం పేరు కూడా చూడండి. లైట్నింగ్, అంటే మెరుపు. ఇందులో వైమానిక దళం వాడే రకం 2020 నుంచి కొన్నేళ్లపాటు ఉరుములూ మెరుపులూ ఉన్నచోటికి 40 కిలోమీటర్ల దూరంలో ఆగిపోవాలన్న ఆంక్షతో బతికింది. పిడుగు పడితే ఇంధన ట్యాంకు పేలకుండా కాపాడే ఏర్పాటులో లోపం బయటపడిందట. పేరు మెరుపు, ఉరిమితే మంచం కిందికి. 2022లో దీని ఇంజిను దగ్గరి ఒక పరికరంలో వాడిన అయస్కాంతపు లోహం చైనాలో తయారైందని తేలి, కొన్నాళ్లు విమానాలు తీసుకోవడం ఆపారు. ఎవరిమీద యుద్ధం వస్తుందని ఇంత ఖర్చు పెడుతున్నారో వాళ్లే సరుకు సరఫరా చేస్తున్నారన్నమాట. తరవాత మినహాయింపు రాసుకుని ఆ విమానాలనే తీసుకున్నారు.

2023 సెప్టెంబరులో ఇంకో ముచ్చట జరిగింది. దక్షిణ కరొలైనాలో ఒక పైలట్ ప్రమాదం శంకించి పారాచూట్‌తో దూకేశాడు, ఒక ఇంటి పెరట్లో దిగాడు. విమానం మాత్రం నా దారి నాదే అంటూ దాదాపు 11 నిమిషాలు ఒంటరిగా ఎగిరి ఎక్కడో పడింది. ఎక్కడ పడిందో సైన్యానికి తెలీలేదు. మా విమానం ఎవరికైనా కనిపిస్తే ఫోన్ చేయండి బాబూ అని సామాజిక మాధ్యమంలో జనాన్ని వేడుకున్నారు. మన పల్లెల్లో మేకపిల్ల తప్పిపోతే టముకు వేయించేవారు. రాడారుకు చిక్కదన్న హామీ అక్కడ అక్షరాలా నెరవేరింది, కాకపోతే సొంత రాడారు దగ్గర.

మా ఇల్లు కట్టిన మేస్త్రీకి ఈ కథంతా చెప్పాను. గోదావరి మనిషి. ముప్ఫై ఏళ్లు బడిపంతులుగా చేసినందుకు నన్ను మాస్టారూ అంటాడు. అంతా విని మొదటి మాటగా ఒక్కటే అడిగాడు.

"గుత్తకిచ్చారాండి, రోజుకూలీకా?"

"రెండూ కాదు మేస్త్రీ. ఎంత ఖర్చయితే అంతా మేమే ఇస్తాం, పైన పని నచ్చితే బహుమానం కూడా ఇస్తాం అని రాసిచ్చారు."

చేతిలో చుట్ట వెలిగించబోయినవాడు ఆగిపోయాడు. "సిమెంటు ఎక్కువైనా వాళ్లదేనాండి?"

"వాళ్లదే."

"గోడ వంకరొచ్చి పడగొట్టి మళ్లీ కట్టినా?"

"అదీ వాళ్లదే."

"మరైతే ఆ ఇల్లు ఎప్పటికీ అవదండి మాస్టారూ," అన్నాడు చుట్ట ముట్టించి. "అయిపోతే నేను ఇంకో పని వెతుక్కోవాలి కదండీ."

మేస్త్రీకి ఇంకో వింత కూడా చెప్పాను. విమానం పరీక్షలు పూర్తి కాకుండానే తయారీ మొదలుపెట్టేశారు. లోపం బయటపడినప్పుడల్లా తయారైపోయినవాటిని వెనక్కి తెచ్చి విప్పి సరిచేశారు. పూర్తిస్థాయి ఉత్పత్తికి అధికారికంగా అనుమతి వచ్చింది 2024 మార్చిలో. అప్పటికి సుమారు వెయ్యి విమానాలు తయారైపోయి ఉన్నాయి. గృహప్రవేశం చేసి, ఆ ఇంట్లోనే పిల్లల పెళ్లిళ్లు చేసి, మనవడికి అన్నప్రాశన కూడా అయ్యాక పంచాయతీకి వెళ్లి ప్లాను మంజూరు చేయించుకున్నట్టు. ఈలోగా కొత్త కంప్యూటర్ల సాఫ్ట్‌వేర్ కుదరక 2023 జూలై నుంచి ఏడాదిపాటు తయారైన విమానాలను సైన్యం తీసుకోనేలేదు. అవి టెక్సస్‌లో కంపెనీ ఆవరణలోనే ఎండలో బారులు తీరాయి.

ఖర్చు ఎక్కువైందని సంఖ్య తగ్గిస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే మన పెళ్లి భోజనం గుర్తు చేసుకుంటే చాలు. ఐదొందల మందికి అనుకున్న పెళ్లికి యాభై మందే వచ్చారనుకోండి. గాడిపొయ్యి తవ్విన కూలి అంతే, షామియానా అంతే, వంటమనిషి అంతే. విస్తరికి పడే ఖరీదు మాత్రం చుక్కలంటుతుంది. అమెరికా నౌకాదళం జుమ్‌వాల్ట్ అనే యుద్ధనౌకలు 32 కడదామనుకుంది. ధర చూసి గుండె గుభేలుమని మూడింటితో ఆపేసింది. ఆ నౌకల మీద బిగించిన పెద్ద ఫిరంగులకు ప్రత్యేకమైన గుండ్లు కావాలి. నౌకలు మూడే కాబట్టి గుండ్లూ కొద్దిగానే చాలు, కొద్దిగానే కాబట్టి ఒక్కో గుండు ధర 8 లక్షల డాలర్లకు పోయింది. ఒక్కసారి ఢామ్మంటే దాదాపు ఏడు కోట్ల రూపాయలు. ఇదేం ఖర్చని 2016లో గుండ్లు కొనడమే మానేశారు. ఫిరంగులున్నాయి, గుండ్లు లేవు. ఉపనయనానికి ముందే జంధ్యం పోగొట్టుకున్న వటువులా ఆ నౌకలు కొన్నేళ్లు తిరిగాయి. చివరికి ఫిరంగులు పీకేసి వేరే క్షిపణులు పెట్టే పనిలో పడ్డారు. ఆ పీకే పనికీ బిల్లు ఉంటుందని వేరే చెప్పాలా? బీ-2 బాంబర్లదీ అదే దారి. 132 అనుకుని 21 కట్టారు, పరిశోధన ఖర్చు కలుపుకుంటే ఒక్కోటీ 200 కోట్ల డాలర్లు దాటింది.

పెద్ద వస్తువుల సంగతి వదిలేద్దాం, వాటి లెక్క మనబోటివాళ్లకు అందదు. చిన్నవి చూద్దాం. సైనిక విమానంలో కాఫీ వేడిచేసుకునే కప్పు ఒకటుండేది. ఒక్కోటి 1,280 డాలర్లు, మన లక్ష రూపాయల పైమాటే. కింద పడితే పిడి విరిగేది. పిడి విడిగా అమ్మేవారు కాదు, కప్పు మొత్తం మళ్లీ కొనాల్సి వచ్చేది. 2018లో ఇది బయటపడి ఒక సెనేటర్ నిలదీశాడు. అప్పటికే ఒక వైమానిక స్థావరంలోని సిబ్బంది సొంతంగా త్రీడీ ముద్రణలో ఆ పిడి చేసి చూశారు. అర డాలరు అయింది. సీ-17 రవాణా విమానపు స్నానాల గదిలో ద్రవసబ్బు పోసే డబ్బాకు బజారు ధరకు 80 రెట్లకు పైగా కట్టారని పెంటగాన్ సొంత తనిఖీ అధికారే 2024లో తేల్చాడు. చేతులు కడుక్కోవడానికే అంత అయితే, చేతివాటానికి ఎంతవుతుందో ఊహించుకోవచ్చు. 2019 నివేదికలో అరంగుళం లోహపు పిన్ను కథ ఉంది. 46 డాలర్లు చేయాల్సిన దాన్ని 4,361 డాలర్లకు అమ్మారు. ఆ పిన్ను వేరే ఎవరూ చేయరు మరి. కరెంటు పోయిన అర్ధరాత్రి ఊళ్లో ఒకే ఒక్క కొట్లో కొవ్వొత్తి ఉంటే, ధర చెప్పేది కొట్టువాడే కదా.

ఇక జెరాల్డ్ ఫోర్డ్ విమానవాహక నౌక. 1,330 కోట్ల డాలర్లు పెట్టి కట్టారు. అందులో వేల మంది సిబ్బందికి మరుగుదొడ్లు కావాలి కదా, అత్యాధునిక పద్ధతిలో పెట్టారు. అవి మాటిమాటికీ పూడుకుపోతున్నాయి. గొట్టాలు తెరుచుకోవాలంటే ఆమ్లంతో కడగాలి. ఒక్కసారి కడిగితే 4 లక్షల డాలర్లు, మూడు కోట్ల రూపాయలకు పైగా అని 2020లో జీఏఓ రాసింది. మేస్త్రీకి ఈ లెక్క చెబితే కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ పని మావాళ్లకిప్పించండి మాస్టారూ, పదివేలకు చేసి, ఓడ కడిగి ముగ్గేసి మరీ వస్తారు," అన్నాడు.

అడిగేవాడు లేడా అంటారేమో. ఉన్నాడు. 1982 నుంచి అక్కడ ఒక చట్టం ఉంది. ఆయుధ పథకం ధర అనుకున్నదానికంటే 25 శాతం మించి పెరిగితే దాన్ని రద్దు చేయాలి. అయితే ఒక చిన్న వెసులుబాటు ఉంది: ఇది దేశ భద్రతకు అత్యవసరమని రక్షణమంత్రి సంతకం పెడితే రద్దు చేయక్కర్లేదు. సెంటినెల్ అనే కొత్త అణుక్షిపణి పథకం ధర 81 శాతం పెరిగి 14,000 కోట్ల డాలర్లు దాటింది. 2024 జూలైలో సంతకం పడింది, పథకం బతికింది. నా బళ్లో హాజరు చాలని పిల్లలను పరీక్ష రాయనివ్వకూడదని నియమం ఉండేది. డాక్టరు చీటీ తెస్తే మినహాయింపు. ఆ నియమం పుణ్యాన మా ఊరి పిల్లలందరికీ ఏటా ఒకే రోజున ఒకే జ్వరం వచ్చేది.

పెంటగాన్‌కు మొదటిసారి పూర్తి ఆడిట్ జరిగింది 2018లో. తప్పింది. 2019లో తప్పింది. అలా 2024 దాకా వరసగా ఏడుసార్లు తప్పింది. 4 లక్షల కోట్ల డాలర్ల ఆస్తులున్న సంస్థ, ఏవి ఎక్కడున్నాయో పూర్తిగా చూపించలేకపోతోంది. ఎఫ్-35 విడిభాగాలే 2018 నుంచి పది లక్షలకు పైగా పోయాయని, వాటి విలువ 8.5 కోట్ల డాలర్లని 2023లో జీఏఓ రాసింది. పదో తరగతి ఏడుసార్లు తప్పిన కుర్రాళ్లను చాలామందిని చూశాను. తప్పినప్పుడల్లా కొడుకు జేబుఖర్చు పెంచిన తండ్రిని మాత్రం ఎక్కడా చూడలేదు. 2024లో అమెరికా సైనిక వ్యయం 99,700 కోట్ల డాలర్లకు చేరింది. ప్రపంచం మొత్తం పెట్టిన 2,71,800 కోట్లలో మూడో వంతు కంటే ఎక్కువ అదొక్కటే. మరుసటి ఏడాది సెప్టెంబరులో రక్షణ శాఖను యుద్ధ శాఖ అని కూడా పిలుచుకోవచ్చని అధ్యక్షుడు ఉత్తర్వు ఇచ్చాడు. ఇంత ఖర్చులో ఒక్క నిజం చెప్పడానికైనా డబ్బు కేటాయించారని సంతోషించాలి.

మరి జనం ఎందుకు ఊరుకుంటున్నారు? ఇక్కడుంది ఈ ఆయుధం అసలు చాకచక్యం. ఎఫ్-35 విడిభాగాలు అమెరికాలో 45కు పైగా రాష్ట్రాల్లో తయారవుతాయి. ఒక బోల్టు ఇక్కడ, ఒక తీగ అక్కడ. పథకం ఆపమని సభలో లేచి నిలబడ్డ సభ్యుడికి, మీ ఊళ్లో ఎంతమందికి ఉద్యోగాలు పోతాయో తెలుసా అని అప్పటికే జాబితా అందుతుంది. గుడి ప్రసాదం ఊరంతా పంచాక, పూజారి లెక్కలు అడిగే నాలుక ఎవరికుంటుంది? 2012లో సైన్యాధిపతే, బాబూ మాకిక కొత్త ట్యాంకులు వద్దు, ఉన్నవి చాలు అని మొత్తుకున్నాడు. అప్పటికి రెండు వేలకు పైగా ట్యాంకులు కాలిఫోర్నియా ఎడారిలో నిలబడి ఉన్నాయి. అయినా ఒహాయోలోని ట్యాంకుల ఫ్యాక్టరీ ఆగకూడదని సభ డబ్బిచ్చింది. వద్దు మొర్రో అన్నా విస్తట్లో వడ్డించే మేనత్త ప్రేమ ఇది. కాకపోతే ఖర్చు మేనత్తది కాదు.

ఈ ప్రసాదం మన దోసిట్లోనూ పడింది, దాచుకోవడం దేనికి? హైదరాబాదు శివారు ఆదిబట్లలో అపాచీ హెలికాప్టర్ల చట్రాలు తయారవుతాయి, సీ-130 విమానాల తోక భాగాలు తయారవుతాయి. మన సైన్యం కోసం అమెరికా నుంచి కొన్న అపాచీలకు కూడా ఆదిబట్లలో చేసిన చట్రాలు వాడారు. మన పిల్లలు చేసిన చట్రం సముద్రాలు దాటి వెళ్లి, రెక్కలు తొడుక్కుని, ఏడాదికి పైగా ఆలస్యంగా మన ఖర్చుతో మన ఇంటికే వచ్చింది. మొదటి మూడు హిండన్ స్థావరంలో దిగింది 2025 జూలై 22న. అదే రోజున అక్కడ కేరళలో ఆ దొరగారి అల్లుడు సెలవు తీసుకున్నాడు. ఎఫ్-35లకు ఆఖరి బిగింపు జరిగే ఫోర్ట్‌వర్త్, మన తెలుగువాళ్లు గుడి కట్టుకుని, బతుకమ్మ ఆడుకునే డాలస్ పక్కనే. వీసా మీదున్న మన పిల్లల్ని ఆ ఫ్యాక్టరీ గేటు దాటనివ్వరు. వాళ్ల జీతంలో కోసుకున్న పన్నుకు మాత్రం ఏ గేటూ అడ్డం లేదు.

అమెరికాను చూసి మనం మరీ పగలబడి నవ్వనక్కర్లేదు. 2004లో రష్యా మనకు ఒక పాత విమానవాహక నౌకను ఉచితంగా ఇచ్చింది. నిజంగానే ఉచితం. మరమ్మతులకు మాత్రం 97.4 కోట్ల డాలర్లు. 2008కల్లా రావాల్సిన ఓడ 2013 నవంబరులో విక్రమాదిత్య అనే పేరుతో మన చేతికొచ్చేసరికి ఆ మరమ్మతు ఖర్చు 235 కోట్ల డాలర్లయింది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నారు పెద్దలు. ఉచితంగా వస్తే ఏమవుతుందో చెప్పలేదు, ఇంత దూరం ఊహించి ఉండరు. మన తేజస్ యుద్ధవిమానాలు 83 కావాలని 2021లో రాసుకున్నాం. విమానం మనదే, ఇంజిను అమెరికాది. ఆ మొదటి ఇంజిను రావడానికి 2025 మార్చి దాకా గుమ్మంలో కళ్లు కాయలు కాచేలా కూర్చున్నాం.

ఇంత ఖర్చూ జవాను కోసమే కదా అని ఎవరైనా నిలదీస్తే నాకు నోరు పెగలదు, జవాను మీద వ్యంగ్యం చేసే పాపం నాకొద్దు. అందుకే జవాను ఎలా ఉన్నాడో చూశాను. అమెరికా సైనికుల బారకాసుల్లో గోడలకు బూజు, పొంగిన మురుగు, పురుగులు ఉన్నాయని 2023లో అదే జీఏఓ రాసింది. విధుల్లో ఉన్న సైనికుల్లో దాదాపు నలుగురికి ఒకరి చొప్పున ఇంట్లో సరైన తిండికి ఇబ్బంది పడుతున్నారని సైన్యం సొంత సర్వేలోనే తేలింది. పైలట్ నెత్తిన 4 లక్షల డాలర్ల శిరస్త్రాణం, పదాతి సైనికుడి ఇంట్లో నెలాఖరుకు ఖాళీ డబ్బా. ఐసెన్‌హోవర్ అధ్యక్షుడిగా 1953లోనే ఒక లెక్క చెప్పాడు: ఒక్క బాంబరు ఖర్చుతో ముప్ఫైకి పైగా పట్టణాల్లో ఒక్కో ఇటుక బడి కట్టొచ్చని. ఆయన శాంతి కపోతాలు ఎగరేసే కవి కాదు, ఐదు నక్షత్రాల సేనాని. ఇటుక బడి అనగానే నా ప్రాణం, మేస్త్రీ ప్రాణం రెండూ లేచి వచ్చాయి. అప్పటి బాంబరు ధర ఇప్పటి విమానం పక్కన పెడితే చిల్లర.

1980ల్లో నార్మన్ అగస్టీన్ అనే విమాన పరిశ్రమ పెద్ద ఒకాయన, ధరలు ఇలాగే పెరుగుతూ పోతే 2054కల్లా అమెరికా రక్షణ బడ్జెట్ మొత్తం పోసినా ఒక్క విమానమే వస్తుందని సరదాగా లెక్క తేల్చాడు. దాన్ని వైమానిక దళం, నౌకాదళం వారానికి చెరి మూడున్నర రోజులు వాడుకోవాలట. లీపు సంవత్సరంలో మిగిలిన ఒక్కరోజు మెరైన్లకు. ఆ జోకు వేసినాయనే తరవాత లాక్‌హీడ్ మార్టిన్ అధిపతి అయ్యాడు. జోకును సంస్థగా రిజిస్టరు చేయడమంటే ఇదే. ఈలోగా ఎదుటివాడు ఏం చేస్తున్నాడు? 2023 చివరి నుంచి ఎర్రసముద్రంలో యెమెన్ హూతీలు కొన్ని వేల డాలర్ల డ్రోన్లు వదిలారు. అమెరికా నౌకలు వాటిమీద ఒక్కోటి 20 లక్షల డాలర్లు చేసే క్షిపణులు వేశాయి. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని మనం అన్నది సామెత కోసం. వాళ్లు దాన్ని టెండరుగా చదువుకున్నారు.

బ్రహ్మాస్త్రం మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన ఇతిహాసంలో అస్త్రానికి ఒక నియమం ఉంది. ప్రయోగం నేర్చినవాడు ఉపసంహారం కూడా నేర్చుకోవాలి. అర్జునుడికి రెండూ వచ్చు. అశ్వత్థామకు ప్రయోగమే వచ్చు. రుషులు అడ్డం నిలబడి వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకున్నాడు. అశ్వత్థామ తీసుకోలేకపోయాడు. వదిలిన అస్త్రం ఎక్కడో ఒకచోట పడాలి. ఎక్కడికి మళ్లించాడు? యుద్ధం చేసినవాళ్ల మీదికి కాదు. ఉత్తర కడుపులో ఉన్న పుట్టని బిడ్డ మీదికి.

పథకం మొదలుపెట్టడం తెలిసి, ఆపడం తెలియని వాషింగ్టన్‌ది కూడా అశ్వత్థామ విద్యే. 2024 ఆర్థిక సంవత్సరంలో అమెరికా తన అప్పుల మీద కట్టిన వడ్డీ, సైన్యం మీద పెట్టిన ఖర్చును దాటిపోయింది. ఎఫ్-35లను 2088 దాకా ఎగరేయాలని పథకం. ఆ ఏడాది మొదటి జీతం అందుకుని, అందులోంచి ఈ విమానానికి వాటా కట్టబోయే పాతికేళ్ల కుర్రాడు 2063లో పుడతాడు. వాడి తల్లి కూడా ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. పరీక్షిత్తుకైతే కృష్ణుడు అడ్డుపడ్డాడు. ఈ కుర్రాడి తరఫున ఏ కమిటీలోనూ కృష్ణుడు లేడు, రథాలు అద్దెకిచ్చేవాళ్లే ఉన్నారు.

ఇదంతా మేస్త్రీకి చదివి వినిపించాను. చుట్ట ఆరిపోయినా చూసుకోలేదు. చాలాసేపటికి నోరు తెరిచాడు.

"నా ఇంటి అప్పుకి బ్యాంకోడు నాచేత పదహారు చోట్ల సంతకాలు పెట్టించాడండి మాస్టారూ. పుట్టనోడి చేత వేలిముద్ర ఎలా వేయించుకున్నారండి వాళ్లు?"